పాత కారుకు కొత్త పెట్రోలు

"అంతా ఇథనాల్ వల్లే సార్." షెడ్డుకు వెళ్లిన ప్రతిసారీ ఈ మాట మీ చెవిన పడుతోందా? మైలేజీ తగ్గితే ఇథనాల్. పొద్దున్నే ఒక పట్టాన స్టార్ట్ కాకపోతే ఇథనాల్. ఏసీ వేయగానే పికప్ పడిపోతే అదీ ఇథనాలే. టీవీ పెడితే మాత్రం ఏమీ కాదు, అవన్నీ పుకార్లే అంటారు. మధ్యలో మీరు. కిస్తీలు కట్టి కట్టి ఈమధ్యే పూర్తిగా సొంతమైన కారు ఇంకో ఎనిమిదేళ్లు సాఫీగా నడవాలన్నది మీ కోరిక. బంకులో ట్యాంకు మూత తీసిన ప్రతిసారీ లోపల గుబులు.

ఆ గుబులు పోవాలంటే మీ బండి గురించి మీకే కొన్ని సంగతులు తెలియాలి. అది ఏ నెలలో తయారైంది, లీటరుకు నిజంగా ఎంత ఇస్తోంది, దాని పైపుల వయసెంత? ఈ మూడూ తెలిస్తే మెకానిక్ మాటలో ఎంత నిజముందో మీరే తేల్చుకోగలరు. నేను చూసినంతలో భయపడేవాళ్లలో ఎక్కువమంది ఈ మూడింటిలో ఒక్కటీ చూసుకోలేదు.

అసలు ట్యాంకులోకి ఏం పోతోంది?

ఈ20 అంటే 100 లీటర్లలో 20 లీటర్లు ఇథనాల్, మిగతాది పెట్రోలు. చెరకు మొలాసిస్, మొక్కజొన్న, బియ్యం నుంచి ఈ ఇథనాల్ తీస్తారు. మన బండ్లకు ఇది మొన్న మొన్న వచ్చిందేమీ కాదు. 2003 జనవరిలో 9 రాష్ట్రాల్లో 5 శాతం కలపడం మొదలుపెట్టినప్పుడు వాటిలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 2022 జూన్ నాటికి దేశం మొత్తం మీద సగటు 10 శాతానికి చేరింది. 2023 ఫిబ్రవరిలో ఈ20 అమ్మకం మొదలైంది, 2025 కల్లా మామూలు పెట్రోలంటే అదే అయిపోయింది.

ఇథనాల్‌కు మూడు గుణాలున్నాయి. లీటరు పెట్రోలులో ఉండే శక్తిలో లీటరు ఇథనాల్‌లో మూడింట రెండు వంతులే ఉంటుంది. కాబట్టి మైలేజీ తగ్గడం నిజమే, అది ఎవరి ఊహా కాదు. రెండోది, కాలడానికి దానికి తక్కువ గాలి చాలు. కిలో పెట్రోలుకు దాదాపు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలే. అంటే ఇంజిన్ గాలీ ఇంధనమూ కలిపే పాళ్లు మార్చుకోవాలి. మూడోది, అది నీటిని పీల్చుకుంటుంది, కొన్ని రకాల రబ్బరును ఉబ్బిస్తుంది లేదా గట్టిపరుస్తుంది, కొన్ని లోహాలను తినేస్తుంది. మీకు ఖర్చు తెచ్చిపెట్టేది ఎక్కువగా ఈ మూడోదే. కాని అందరూ మాట్లాడేది మొదటిదాని గురించి.

1. కారు పుట్టిన తేదీ చూడండి

ఆర్‌సీ తీయండి. రిజిస్ట్రేషన్ తేదీ కాదు, తయారైన నెల, సంవత్సరం చూడాలి. షోరూములో నెలల తరబడి నిలబడి తర్వాత అమ్ముడైన బండ్లు బోలెడు.

2023 ఏప్రిల్ నుంచి తయారైన కార్లలో పైపులు, సీళ్లు, పంపు వంటివి ఈ20ని తట్టుకునే సరుకుతో చేస్తున్నారు. 2025 ఏప్రిల్ నుంచి ఇంజిన్ ట్యూనింగు కూడా ఈ20కే. కొన్ని కంపెనీలు ఇంతకు ముందే మారాయి. అందుకే ఆర్‌సీతో ఆగకుండా పెట్రోలు మూత లోపలి వైపు స్టిక్కరు, బండితో ఇచ్చిన పుస్తకంలో ఇంధనం గురించిన పేజీ కూడా చూడండి. "ఈ20" అని ఉందా? హాయిగా ఉండండి, 2, 3, 6 అంకెల కింద రాసినవి మాత్రం చదివితే చాలు. "ఈ10" అనో "10 శాతం వరకు" అనో ఉందా? మీలాంటివాళ్లే ఎక్కువ. ఈ అధ్యాయం ప్రధానంగా మీ కోసమే. ఇథనాల్ ఊసే లేని పాత పుస్తకమైతే 3, 4 అంకెలను రెండుసార్లు చదవండి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. "బ్రెజిల్‌లో 27 శాతం కలిపి ఏళ్లుగా నడిపారు, 2025 ఆగస్టు నుంచి 30 శాతం చేశారు, మనకేం?" అంటారు. నిజమే, కానీ అక్కడి కార్లను దానికి తగ్గట్టే తయారుచేశారు. అమెరికాలో కూడా 15 శాతం మిశ్రమాన్ని 2001, ఆ తర్వాతి మోడళ్ల కార్లకే అనుమతించారు. ఎక్కడైనా ముందు చూసేది బండి వయసే. మీ 2012 కారుకు బ్రెజిల్ కారుతో పోలిక పెట్టకండి.

2. మైలేజీని మీరే కొలవండి

"మైలేజీ పడిపోయింది" అంటున్నారు. ఎంత ఉండేది, ఎంతకు పడిపోయింది? ఈ ప్రశ్నకు అంకెల్లో జవాబు చెప్పగలరా? డాష్‌బోర్డు చూపించే మైలేజీ అంచనా మాత్రమే, దాన్ని పక్కన పెట్టండి.

ఇలా చేయండి. బంకులో పైపు దానంతటది "టక్" మని ఆగేదాకా పోయించండి. ట్రిప్ మీటరు సున్నా చేయండి. ఎప్పటిలాగే 350, 400 కిలోమీటర్లు నడపండి. మళ్లీ అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, అలాగే ఆగేదాకా పోయించి, నడిచిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి. ఒక్కసారి లెక్క నమ్మకండి, మూడు ట్యాంకుల సగటు తీయండి. కుర్రాడు "రౌండ్ ఫిగర్ చేయమంటారా?" అని అడిగితే వద్దనండి. ఆగిన తర్వాత కుక్కి పోస్తే లెక్క తప్పడమే కాదు, ఆవిరిని పట్టే బొగ్గు డబ్బాలోకి పెట్రోలు పోయి అది పాడవుతుంది.

ఇప్పుడు వచ్చిన అంకెను ఎలా అర్థం చేసుకోవాలి? ఇథనాల్ లేని పెట్రోలుకు తయారై, 10 శాతానికి సర్దుబాటు చేసిన కార్లలో ఈ20 వల్ల 6 నుంచి 7 శాతం, అలాంటి టూవీలర్లలో 3 నుంచి 4 శాతం, ఈ10కి తయారై ఈ20కి ట్యూన్ చేసిన కార్లలో 1 నుంచి 2 శాతం మైలేజీ తగ్గొచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదిక అంచనా వేసింది. శక్తి లెక్క చూసినా అంతే. ఏమీ కలపని పెట్రోలు నుంచి ఈ20కి దాదాపు 7 శాతం తేడా, ఈ10 నుంచి ఈ20కి అందులో సగం. మీ బండి 2022 నుంచే 10 శాతం మిశ్రమం మీద నడుస్తోందని మరిచిపోకండి.

గుంటూరులో ఒక టీచరు గారున్నారనుకోండి. 2014 చిన్న కారు, నెలకు 900 కిలోమీటర్లు. లీటరుకు 18 వచ్చేది, అంటే నెలకు 50 లీటర్లు. 4 శాతం తగ్గితే 17.3కి వస్తుంది, నెలకు రెండు లీటర్లు ఎక్కువ పడుతుంది. 7 శాతం తగ్గితే నాలుగు లీటర్లకు కాస్త తక్కువ. లీటరు 108 రూపాయలనుకుంటే నెలకు 225 నుంచి 400 రూపాయల అదనపు భారం. సామాన్యుడికి ఇది చిన్న మొత్తమేమీ కాదు. శక్తి తక్కువున్న లీటరుకు ధర కూడా తక్కువుండాలని అడగడం న్యాయమైన కోరికేనని నేను గట్టిగా నమ్ముతాను.

అయితే ఆయన కారు 18 నుంచి 14కి పడిపోయిందనుకోండి. అది 22 శాతం. ఇంత తగ్గుదల ఒక్క ఇథనాల్ వల్ల రాదు. టైర్లలో గాలి, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు, పట్టేసిన బ్రేకు, అరిగిన క్లచ్చు, వయసు మీరిన ఆక్సిజన్ సెన్సరు, వీటిలో ఏదో దొంగ దాక్కుని ఉంది. "అంతా ఇథనాల్ వల్లే" అన్న మాట విని ఊరుకుంటే ఆ దొంగ దొరకడు. ఒక చక్రాన్ని జాకీ మీద లేపి చేత్తో తిప్పి చూస్తే దొరికే బ్రేకు లోపం నెలకు వెయ్యి రూపాయలు తినేయగలదు.

3. పెట్రోలు వాసనను తేలిగ్గా తీసుకోకండి

ఈ ఒక్క అంకెను మాత్రం ఎవరూ దాటవేయొద్దు. రాత్రంతా మూసి ఉంచిన కారు తలుపు తీయగానే పెట్రోలు వాసన వస్తోందా? బానెట్ ఎత్తితే ఇంజెక్టర్ల దగ్గర తడిగా ఉందా? వెనక సీటు కింద, పంపు మూత ఉండే చోట వాసన ఎక్కువగా ఉందా?

అయితే బండి స్టార్ట్ చేయకండి. మెకానిక్‌ను ఇంటికే పిలవండి. పాత రబ్బరు పైపు బయటికి బాగానే కనిపిస్తుంది, లోపల పగుళ్లు విచ్చి ఉంటుంది. చేత్తో వంచి చూస్తే సన్నటి గీతలు తేలతాయి. వేడెక్కిన ఇంజిన్ మీద పెట్రోలు చుక్క పడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. మైలేజీ తగ్గడం డబ్బుతో పోతుంది, ఇది ప్రాణం మీదికి వచ్చే వ్యవహారం.

పిల్లల్ని స్కూల్లో దింపే హడావిడిలో "ఏదో కాస్త వాసన, బంకులో ఒలికి ఉంటుందిలే" అని సర్ది చెప్పుకోవడం మనందరికీ అలవాటు. ఒలికిన పెట్రోలు వాసన త్వరగానే పోతుంది. మర్నాడూ వస్తోందంటే అది లీకే.

4. ఈసారి సర్వీసులో అడగాల్సినవి

"జనరల్ సర్వీస్ చేయండి" అని తాళాలిచ్చి వచ్చేస్తున్నారా? ఆయిల్ మారుస్తారు, కడిగి ఇస్తారు, ఇంధనం నడిచే దారిని ఎవరూ చూడరు. జాబ్ కార్డు మీద ఈ మాటలు రాయించండి.

ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా పైపులన్నీ చూడాలి. పదేళ్లు దాటిన రబ్బరు ముక్కలుంటే, పగిలినా పగలకపోయినా, మార్చేయమనండి. ఇంజెక్టర్ల ఓ-రింగులు, పంపు గాస్కెట్టు కూడా. పాత కార్లలో ఇలాంటి కొన్ని రబ్బరు భాగాలను 20,000 నుంచి 30,000 కిలోమీటర్ల తర్వాత మార్చాల్సి రావొచ్చని 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖే చెప్పింది. ఖర్చు పెద్దగా ఉండదని కూడా అంది. కంపెనీ పార్టుల కౌంటర్లో "నా మోడలుకు ఈ20కి పనికొచ్చే పైపు ఉందా?" అని సూటిగా అడగండి. బయట కొంటే ఇథనాల్‌ను తట్టుకునే విటాన్ రకం రబ్బరు అడగండి. మీటరు లెక్కన అమ్మే మామూలు నల్ల గొట్టం వేయనివ్వకండి. దానికీ దీనికీ ధరలో తేడా ఉంటుంది, అది పెట్టదగిన డబ్బే.

ఫ్యూయల్ ఫిల్టరు ఎప్పుడు మార్చారో గుర్తుందా? ఇథనాల్‌కు కడిగే గుణముంది. పాత ట్యాంకు అడుగున ఏళ్లుగా పేరుకున్న మడ్డిని అది కదిలించి ఫిల్టరు దాకా తెస్తుంది. పై గేర్లలో ఎత్తు ఎక్కుతుంటే బండి జర్కులు కొడుతోందంటే ముందు అనుమానించాల్సింది ఫిల్టరునే. దాన్ని మార్చకుండా వేల రూపాయలు పెట్టి కొత్త పంపు వేయించుకున్నవాళ్లున్నారు. మీరు ఆ వరుసలో చేరకండి.

చివరగా స్కానరు పెట్టించండి. ఇంజిన్ లైటు వెలిగినా వెలగకపోయినా. ఇంజెక్షన్ బండ్లలో ఆక్సిజన్ సెన్సరు పొగను చూసి, ఇంధనం ఎంత పెంచాలో ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరుకు, అంటే ఈసీయూకి చెబుతుంది. ఈ20 పోసినప్పుడు ఈసీయూ కాస్త ఎక్కువ ఇంధనం ఇచ్చి సరిపెట్టుకుంటుంది. ఫ్యూయల్ ట్రిమ్ అనే ఆ సర్దుబాటుకు ఒక హద్దుంది. అది దాటితే "పీ0171" వంటి కోడు వస్తుంది, అంటే ఇంజిన్‌కు గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ అందుతోందని. ఇథనాల్ ఒక్కటే దీనికి కారణమవడం అరుదు. సెన్సరు బలహీనపడటమో, ఎక్కడో గాలి లీకవడమో, ఇంజెక్టరు సగం మూసుకుపోవడమో తోడై ఉంటుంది. "ఫ్యూయల్ ట్రిమ్ ఎంత చూపిస్తోంది?" అని అడిగి చూడండి. జవాబు చెప్పగలిగిన మెకానిక్ దొరికితే వదలకండి.

5. అమెరికా ప్రయాణమా? కారు సంగతి?

విజయవాడలో ఒక రిటైర్డ్ దంపతులు డల్లాస్‌లో ఉన్న కూతురి దగ్గరికి ఆరు నెలలకు బయల్దేరుతున్నారు. కారు అపార్ట్‌మెంట్ సెల్లారులో, కవరు కప్పి. ట్యాంకులో పావు వంతు పెట్రోలు. తిరిగొచ్చేది వర్షాకాలం చివర్లో. ఇది ఇప్పుడు మన ప్రతి వీధిలో జరిగేదే కదా?

నిలబడ్డ పెట్రోలు దానంతటదే పాతబడుతుంది, తేలికగా ఆవిరయ్యే భాగం పోతుంది. ఇథనాల్ ఉంటే తేమ కూడా తోడవుతుంది. కొత్త కార్ల ట్యాంకులు బాగా బిగుతుగా ఉంటాయి కాబట్టి గాలిలోంచి నీళ్లు బొట్లుగా చేరిపోతాయని భయపడక్కర్లేదు. మూత రబ్బరు ఎండిపోయిన పాత బండ్లకే ఆ ప్రమాదం ఎక్కువ. ఆ మూత రబ్బరు ఒకసారి వేలితో తడిమి చూడండి, చిట్లి ఉంటే మూత మార్చేయండి.

నమ్మకమైన మనిషి ఉంటే తాళం ఇచ్చి, పదిహేను రోజులకోసారి 15, 20 కిలోమీటర్లు తిప్పమని చెప్పండి. కింద నిలబెట్టి ఐదు నిమిషాలు ఇంజిన్ ఆన్‌లో ఉంచితే తిప్పినట్టు కాదు. తిప్పేవాళ్లు లేకపోతే వెళ్లే ముందు ట్యాంకు నింపి పెట్టండి, లోపల ఖాళీ తగ్గితే తేమకూ చోటు తగ్గుతుంది. వచ్చాక తాజా పెట్రోలు కలుపుకుంటూ నెమ్మదిగా ఆ పాతది వాడేయండి.

6. బంకులో నీళ్లు కలిస్తే

వానాకాలంలో వచ్చే అసలు కష్టం ఇది. బంకు భూగర్భ ట్యాంకులోకి వాన నీరు చేరిందనుకోండి. పూర్వం నీళ్లు అడుగున విడిగా ఉండిపోయేవి. ఇథనాల్ ఉన్నప్పుడు కొంత నీరు పెట్రోలులోనే కలిసిపోతుంది. హద్దు దాటగానే ఇథనాల్, నీరూ కలిసి ఒక పొరగా విడిపోయి అడుగుకు దిగుతాయి. మీ కారు పంపు తాగేది అడుగునుంచే.

కరీంనగర్‌లో వాన వెలిసిన సాయంత్రం ట్యాంకు నింపించి బయల్దేరారు. నాలుగు కిలోమీటర్లకే బండి మిస్సింగ్ కొట్టి ఆగింది. ఏం చేస్తారు? చాలామంది సెల్ఫ్ కొడుతూనే ఉంటారు. ఇంకొందరు "మంచి పెట్రోలు పోస్తే పలచబడుతుందిలే" అని వేరే బంకు నుంచి సీసాలో తెచ్చి పోస్తారు. రెండూ వద్దు. సెల్ఫ్ కొట్టిన కొద్దీ ఆ నీరు ఇంజెక్టర్ల దాకా పోతుంది. బండిని లాగించుకెళ్లి ట్యాంకు ఖాళీ చేయించండి. ఖాళీ చేసేటప్పుడు కొంచెం గాజు సీసాలో పట్టించి కదపకుండా ఉంచమనండి, రెండు పొరలు కంటికి కనిపిస్తాయి. ఫోటో తీసి, బిల్లు పట్టుకుని బంకులో ఫిర్యాదు పుస్తకం అడగండి. ఆయిల్ కంపెనీ అధికారి ఫోన్ నంబరు బంకులో రాసి ఉంటుంది, ఆయనకే చెప్పండి. అందుకే ప్రతిసారీ బిల్లు తీసుకోండి, యాప్‌తో డబ్బులు కట్టినా సరే.

ఒక జాగ్రత్త. పెట్రోలులో నీళ్లు పోసి అడుగు పొర పెరిగిందని చూపిస్తూ "కల్తీ పట్టేశాం" అనే వీడియోలు చూస్తుంటారు. నీళ్లు పోస్తే అందులోకి ఇథనాల్ దిగి ఆ పొర పెరగడం సహజం, అది కల్తీకి రుజువు కాదు. ఇంట్లో పెట్రోలుతో ఇలాంటి ప్రయోగాలు అసలే చేయకండి. బంకులోనే ఫిల్టరు కాగితం పరీక్ష, సాంద్రత పరీక్ష, 5 లీటర్ల కొలపాత్రతో కొలత చూపించమని అడిగే హక్కు మీకుంది. మొహమాటపడకుండా అడగండి.

7. సీసాల వెంట పడకండి

ఇథనాల్ నుంచి రక్షణ అంటూ రకరకాల మందు సీసాలు అమ్ముతున్నారు. ట్యాంకులో పోసిన ఏ మందూ ఇథనాల్‌ను పెట్రోలుగా మార్చలేదు, చిట్లిన పైపును అతికించలేదు. ఆ డబ్బుతో ఫిల్టరూ ఓ-రింగులూ వస్తాయి. అలాగే "ప్రీమియం" అన్న పేరు చూసి అందులో ఇథనాల్ లేదనుకోకండి. ఉందో లేదో బంకులో అడిగి తెలుసుకోండి.

8. ఇంట్లో పాత టూవీలరు కూడా ఉందా?

బీఎస్6 కాలుష్య ప్రమాణాలు రాకముందు, అంటే 2020 ఏప్రిల్‌కు ముందు తయారైన బండ్లలో ఎక్కువ వాటికి కార్బొరేటరే. దానికి సెన్సరు లేదు, పాళ్లు తనంతట సర్దుకోలేదు. ఇంజిన్ ఎక్కువ వేడెక్కడం, పొద్దున్నే చోక్ లేకుండా అందుకోకపోవడం కనిపిస్తే మంచి మెకానిక్‌తో మిక్చర్ స్క్రూ, అవసరమైతే జెట్ సరిచేయించండి. వారాల తరబడి వాడకపోతే కార్బొరేటరు గిన్నెలోని పెట్రోలు దించేయండి. ట్యాంకు ఇనుముది కాబట్టి లోపల తుప్పు ఉందేమో టార్చి వేసి చూడండి.

9. కంపెనీ జవాబు రాతపూర్వకంగా తీసుకోండి

10 శాతం అని రాసి ఉన్న బండికి 20 శాతం తప్ప మరొకటి దొరకని పరిస్థితి మీరు కోరుకున్నది కాదు. ఇథనాల్ లేని పెట్రోలు కూడా అందుబాటులో ఉంచాలనీ, పంపుల మీద స్పష్టంగా రాయాలనీ వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టేసింది. అయినా ఏం పోస్తున్నారో పంపు మీద పెద్దక్షరాల్లో ఉండాలన్నది కొనేవాడి కనీస హక్కనే నా అభిప్రాయం.

మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. మీ కారు కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈమెయిలు పెట్టండి. మోడలు, తయారైన నెల, ఛాసిస్ నంబరు రాసి మూడే ప్రశ్నలు అడగండి. ఈ20 వాడితే నా వారంటీ ఉంటుందా? ఏ భాగాలు మార్చాలి? వాటి పార్టు నంబర్లు, ధరలు ఏమిటి? ఫోన్‌లో చెబితే ఒప్పుకోకండి, రాసి పంపమనండి. పది రోజుల్లో జవాబు రాకపోతే అదే మెయిలును మళ్లీ పంపండి. వచ్చిన జవాబును ప్రింటు తీసి సర్వీసు బిల్లులతో కలిపి ఫైల్లో పెట్టండి. రేపు పంపు పోయినా, క్లెయిము దగ్గర పేచీ వచ్చినా, బండి అమ్మేటప్పుడు కొనేవాళ్లు అడిగినా, చూపించడానికి ఆ ఫైలు ఉంటుంది.